గీతల్లేని బొటనవేలు

పెనుకొండ బస్సులో ఖైరున్‌బీ ముందు సీట్లో, మస్తాన్‌బీ వెనక సీట్లో, నడిమధ్యన నేను కూచున్న కాడ ఆపినాను గదా. ఆడి నుంచే ఎత్తుకుంటాను. పోయిన వారం చదవనోళ్ళుంటే కూడా ఇబ్బంది లేదు, కత చిన్నదే.

హిందూపురంలో మా సందు కొసన ఖైరున్‌బీ ఉండేది. మొగుడు పోయిన మనిషి. ఆదినారాయణశెట్టి కార్ఖానాలో పట్టుగూళ్ళు ఉడకేసి దారం తీసే పని. ఆ పనికి ఒక తొట్టికి ఇద్దరు కూచుంటారు. ఖైరున్‌బీకి ఎదురుగా కూచునేది మస్తాన్‌బీ. పదకొండేండ్లు ఒకే తొట్టిలో చేతులు పెట్టినారు. ఒకరి మొగం ఒకరికి ఆవిరిలోనే తెలుసు.

అరవైమూడులో కొత్త చట్టం వచ్చిందన్నారు. అంతకుముందు సొంతంగా దారం తీసే చరకాలు నాలుగు పెట్టుకోవాలంటే ఏడు కచేరీల్లో ఏడు సంతకాలు కావాల. ఏడో సంతకం వచ్చేలోపల మొదటి సంతకం పెట్టినోడు బదిలీ అయిపోతాండె. కొత్త చట్టంలో అదంతా లేదు. ఒకే కాయితం, ఒకే కచేరి. అర్జీ ఇచ్చిన పదైదు దినాల్లో సందులోవాళ్ళు ఎవరూ తకరారు చెప్పకపోతే లైసెన్సు ఇచ్చినట్టే లెక్క. తకరారు వస్తే మటుకు విచారణ ఉంటాది. ఆ తకరారు నిలబడితే మూడేండ్లు మళ్ళీ అర్జీ పెట్టేదానికి లేదు.

ఖైరున్‌బీ అర్జీ పెట్టింది. ఇంటి వెనకాల రేకుల కొట్టం వేసింది, పొయ్యి కట్టించింది. నువ్వు తీసిన దారం నేరుగా నేనే తీసుకుంటానని ధర్మవరంలో రంగప్ప అనే మగ్గాలాయన మాటిచ్చినాడు. ఇంక శెట్టి కార్ఖానాకు రానని చెప్పి వచ్చేసింది గూడా. పద్నాలుగో దినం దాకా ఎవరూ నోరెత్తలేదు. పద్నాలుగో దినం సాయంత్రం తకరారు వచ్చింది, మస్తాన్‌బీ పేరు మీద.

ఆ పొద్దు నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. గురువారం పెనుకొండలో విచారణ. నువ్వు సాక్షిగా రాక్కా అని ఖైరున్‌బీ నన్ను అడిగింది. సరే అన్నాను. నేనూ వస్తానని మా ఇంటాయన అన్నాడు. నాకు అదే వింతగా అనిపిచ్చింది. మా ఇంటాయన పేరు సంజీవప్ప, నన్ను ఉలిగా అని పిలుస్తాడు. పట్టుగూళ్ళ సంతలో దలాలి. సంత దినం మానుకొని ఇంకొకరి పని మీద ఊరు దాటే మనిషి కాదు.

బస్సులో సీట్లు ఖాళీగానే ఉండాయి. ఆయన మాత్రం వాకిలి కాడ కడ్డీ పట్టుకొని నిలబడినాడు. నా పక్కన కూచోమంటే రవంత గాలాడనీ అన్నాడు. గాలికి నిలబడిన మనిషి మొగం బయటికి ఉండాల గదా. ఆయన మొగం లోపలికే ఉండాది, మస్తాన్‌బీ దిక్కే చూస్తాండాడు.

నా పక్క వరస సీట్లో గుడిబండ పెద్దాయన ఒకడు బెల్లం గంప వొళ్ళో పెట్టుకొని కూచున్నాడు. మేము యాడికి పోతాండామో అడిగి తెలుసుకొని, సర్కారు ఒక వాకిలి బార్లా తెరిచిందంటే వెనకాల ఇంకోటి మూసుంటాది, చూసుకోమ్మా అన్నాడు. మా పుట్టింటి ఊరి మనిషిగదా అని ఊరికే తలూపినానుగానీ ఆ మాట నాకు లోపల దిగింది. ఊర్లో అందరిదీ అదే అనుమానం. ఏడు సంతకాలు ఒకటైనాయంటే మిగిలిన ఆరుమంది ఊరికే కూచుంటారా? శెట్టి మీద గూడా అనుమానమే. పని మానేస్తానని ఖైరున్‌బీ చెప్తే, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడమ్మా, నాకు సంతోషమే అన్నాడంట. అంత మంచితనం శెట్టికి యాడ నుంచి వచ్చిందని మా సందంతా చెవులు కొరుక్కున్నారు. అందరి మీదా అనుమానపడినాను. నా ఇంట్లో దీపం కింద చీకటి మాత్రం చూడలేదు.

పెనుకొండ బస్టాండులో దిగినాక మస్తాన్‌బీ నా కొంగు పట్టుకుంది. కచేరికి పోయేముందు బాబయ్య దర్గా కాడికి పోదాం రాక్కా, ఆడ దీపం మీద చెయ్యి పెట్టి చెప్తాను, ఆ కాయితం నాది కాదు అనింది. ఖైరున్‌బీ ముందు నడుస్తానే, వెనక్కి తిరక్కుండా అనింది.

"బాబయ్యను ఎందుకు శ్రమపెట్టేది? నా కొట్టానికి నీ గోడ ఆనుకొనుండాది. పొగ వస్తే నీకే రావాల. తకరారు ఇంకెవరు పెడతారు?"

మస్తాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకొని నడిచింది.

ఆ కొత్త కచేరి ఒక పాత మిద్దెలో పెట్టినారు. ఒక పెద్ద గది, ఒక మేజా, గోడకానించి ఒక బల్ల. మేజా వెనకాల ఆఫీసరు చిన్న వయసాయన, కోస్తా దిక్కునుంచి వచ్చినోడు. ఆయన పక్కన గుమాస్తా, ఆ పాత ఏడు కచేరీల్లో ఒకదాంట్లో నుంచి వచ్చినోడంట, నెరిసిన మీసాలు, చెవి మీద పెన్సిలు. గోడమీద కొత్త చట్టం తెలుగులో అచ్చేసి అంటించినారు. మాకు చదవొస్తే గదా.

ఆఫీసరు "మస్తాన్‌బీ గారూ, ఇలా రండి" అన్నాడు. మస్తాన్‌బీ వెనక్కి తిరిగి చూసింది. వెనకాల ఎవరో పెద్దమనిషి వచ్చిందనుకుంది పాపం. ఖైరున్‌బీకి నవ్వొచ్చింది. పదకొండేండ్ల అలవాటు, కోపంలో గూడా నవ్వొచ్చింది. వెంటనే మింగేసింది. నేను చూసినాను.

గుమాస్తా తకరారు చదివినాడు. పొయ్యి పొగకు ఇంట్లో ఉండలేకపోతానంట. ఉడికిన పురుగుల కంపుకు సందంతా రోగాలొస్తాయంట. కాబట్టి లైసెన్సు ఇయ్యకూడదంట. కింద వేలిముద్ర. చదివి, దీంట్లో చూసేదేముంది సార్, ముద్ర తేటగా ఉండాది, గోడ పక్క మనిషే పెట్టింది, అర్జీ కొట్టేస్తే సరిపోతాది అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు పోవాల్సిన మనిషి మాదిరి తొందరపడినాడు.

మస్తాన్‌బీ అప్పుడు నోరు తెరిచింది. నేనూ ఆ పురుగుల కంపులోనే గదా సార్ తినేది, పండేది. పదకొండేండ్లు నా చీరల్లోనే ఆ కంపు ఉండాది. దానికి రోగమొస్తాదని నేనెట్ల చెప్తాను అనింది. ఆఫీసరుకు ఆ మాట తగిలినట్టుండాది. పెన్ను కింద పెట్టినాడు.

"ఎవరిదో తేల్చడం ఎంతసేపు? ఇదే కాయితం కింద ఖాళీ ఉంది కదా, ఎడమచేతి బొటనవేలు వెయ్యండి. పక్కపక్కన పెట్టి చూద్దాం."

ఇంకు ఎండిపోయుండాది సార్ అన్నాడు గుమాస్తా. నాలుగు చుక్కల నీళ్ళు చల్లమన్నాడు ఆఫీసరు.

మస్తాన్‌బీ వేలు అద్ది కాయితం మీద పెట్టింది. నల్లగా ఒక మచ్చ పడింది. చింతగింజంత మచ్చ. గుమాస్తా గద్దించినాడు, అట్ల అదమగూడదు, మెల్లిగా దొర్లించల్లని. రెండోసారి పెట్టింది. మళ్ళీ మచ్చే. మూడోసారి ఆయనే ఆమె వేలు పట్టుకొని దొర్లించినాడు. మూడు చింతగింజలు వరసగా పడినాయి. పైన తకరారు కింద ఉండే ముద్రలో మాత్రం గీతలు తేటగా ఉండాయి, దువ్విన తలకాయ మాదిరి.

ఆఫీసరు మొగం మారింది. వేలు రాళ్ళకేసి రుద్దుకొని వచ్చినట్టుండావే, దొరకకుండా ఉండాలనా అన్నాడు. రవంత ముందు ఉన్న 'మస్తాన్‌బీ గారూ' పోయింది. మస్తాన్‌బీ తన వేలు తానే తిప్పి తిప్పి చూసుకుంటాంది, దొంగతనం చేసిన వేలేమో అన్నట్టు.

అప్పుడు బల్ల మీద నుంచి ఖైరున్‌బీ లేచింది. మేజా కాడికి పోయి, అడగకుండానే తన వేలు ఇంకులో అద్ది, మస్తాన్‌బీ మచ్చల పక్కనే తనదొకటి పెట్టింది. అదీ చింతగింజే.

"చూడండి సార్. మా తొట్టికాడ కూచున్నోళ్ళకు ఎవరికీ గీతలుండవు. మరిగే నీళ్ళలో గూటికొస వెతికేది ఈ వేళ్ళతోనే. ఏడాదికంతా తోలు పోతాది. మళ్ళీ వస్తాది, మళ్ళీ పోతాది. రెండో ఏటికి ఇట్ల నున్నగా అయిపోతాది. నా అర్జీ తీసి చూడండి. దాని మీద గూడా మచ్చే ఉంటాది."

అర్జీ తీసినారు. మచ్చే ఉండాది. ఆ దినం గుమాస్తా ఇదేం ముద్రమ్మా అని కసిరినాడంట గూడా.

ఖైరున్‌బీ ఇంకొక మాట అనింది. ఈసారి సారుతో కాదు.

"నువ్వు పెట్టలేదు."

మస్తాన్‌బీ తల అడ్డంగా ఊపింది.

"చెప్తానే ఉంటివి గదా, పిచ్చిదానా. నేనే వినకపోతిని."

 ఖైరున్‌బీ తన కొంగు కొసతో మస్తాన్‌బీ బొటనవేలికి అంటిన ఇంకు తుడిచింది. తెల్లచీర కొంగు. ఇంకు మరక జన్మలో పోదు. తుడుస్తానే ఉండాది, పోయినాక గూడా. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. వాకిలి కాడ మా ఇంటాయన దగ్గినాడు.

ఆఫీసరు కాయితాన్ని వెలుతురుకు పట్టుకొని చూసినాడు. ఇది తొట్టికాడ దారం తీసే రీలరు ముద్ర కాదు, అయితే ఎవరిది అన్నాడు. తనలో తాను అనుకున్నట్టే అన్నాడు. ముద్ర సన్నగా ఉంది, ఆడమనిషిదే అయ్యుంటుంది, అడ్డంగా ఏదో గాటు కూడా ఉంది అన్నాడు.

గాటు అనేటప్పటికి నా చెవులు నిలబడినాయి. సాక్షినిగదా అని నేనూ రెండడుగులు ముందుకేసి తొంగిచూసినాను.

నాకు చదవురాదు. అక్షరాలు నాకు చీమలబారు. గానీ నా వేలు నాకు తెలీదా? తొమ్మిదేండ్లప్పుడు గుడిబండలో మా నాయన చేన్లో రాగికోత. ఎడమచేత్తో కంకుల పిడికిలి పట్టుకొని కుడిచేత్తో కొడవలి లాగితే, బొటనవేలు మీద ఏటవాలుగా దిగింది. మా అవ్వ పసుపు కూరి కట్టింది. గాయం మానిందిగానీ గీతలు సరిగ్గా అతుక్కోలేదు. పైన గీతలు ఒక దిక్కు, కింద గీతలు ఒక దిక్కు, మధ్యలో కాలిబాట మాదిరి ఒక తెల్లని గాటు. ఎన్నిసార్లు చూసుకున్నానో ఆ వేలిని.

తకరారు కింద ఉండేది ఆ కాలిబాటే.

నేను ఏ తకరారు మీద వేలు పెట్టినాను? ఎప్పుడు పెట్టినాను?  అప్పుడు గుర్తుకొచ్చింది.

మూడు వారాల కింద నేను గడపలో కూచొని రాగిపిండి జల్లిస్తాండాను. ఆయన సంత నుంచి వచ్చినాడు. చేతిలో మడత పెట్టిన కాయితం. చక్కెర కార్డుకంట, ఇంటి ఆడమనిషి వేలు కావాలంట. కాయితం విప్పలేదు, కింద ఖాళీ మాత్రం పైకి పెట్టినాడు. నా చెయ్యంతా పిండి. లేచి కడుక్కొస్తానంటే ఎందుకులే అని, తన భుజం మీది టవాలుతో నా బొటనవేలు తానే తుడిచినాడు. మెల్లిగా, ఒక్కొక్క మడతా తుడిచినాడు. పెండ్లయిన పన్నెండేండ్లలో నా చెయ్యి అట్ల పట్టుకొని తుడిచింది లేదు. ఆ దినమంతా నేను సంతోషంగా తిరిగినాను. రాత్రికి ఆయనకిష్టమని ఉలవచారు కాచినాను గూడా. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు ఈ మాట.

ఎందుకు చేసినాడో నాకు ఆడనే అర్థమయింది. మా హిందూపురం సంతలో గూళ్ళ బేరం నోటితో జరగదు. అమ్మేవాని చెయ్యి, కొనేవాని చెయ్యి టవాలు కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఒప్పుకుంటే పిడికిలి బిగిస్తారు, లేదంటే చెయ్యి ఎనక్కి లాక్కుంటారు. పక్కనున్నోనికి గూడా ధర తెలీదు. ఆ టవాలే మా ఇంటి కూడు. కొత్త చట్టంలో గూళ్ళ వేలం బయట నిలబడి గట్టిగా అరిచి పాడాలంట, లైసెన్సు ఉండే ఖైరున్‌బీ అట్లాంటి మనిషి నేరుగా వచ్చి పాడుకోవచ్చంట. అప్పుడు దలాలి ఎవరికి కావాల? ఆయన దిగులు నాకు తెలుసు. మూడు నెలలుగా అన్నం సగంలో లేస్తాండాడు. గోడ పక్క మనిషి పేరు పెడితే తకరారు గట్టిగా నిలబడతాదనుకున్నాడు. వేలు ఏ ఆడమనిషిదైతే ఏమి, వేలు వేలేగదా అనుకున్నాడు. పదైదేండ్లు గూళ్ళ సంతలో బతికి, ఆ గూళ్ళు ఉడికే తొట్టికాడ ఆడోళ్ళ వేళ్ళు ఏమైతాయో ఒక్కసారి గూడా చూడలేదు.

"మీరూ ఆ సందువాళ్ళేనా అమ్మా?"

ఆఫీసరు నన్నే అడుగుతాండాడు. అవునన్నాను.  అయితే మీదీ ఒకటి వెయ్యండి, ఈ సందులో ఆడవాళ్ళందరివీ ఒకటొకటిగా చూస్తాను అన్నాడు.

గుమాస్తా ఆ అమ్మ సాక్షి సార్, ఆమెతో ఏం పని అన్నాడు. ఆఫీసరు ఇంకు నా ముందుకు జరిపినాడు.

ఖైరున్‌బీ నా దిక్కు చూసి నవ్వింది. ఎయ్యక్కా, నీ వేలికి గీతలుంటాయిలే, చూపిచ్చు వీళ్ళకు అనింది. దానికి ఏమి తెలుసు? నేను వేస్తే అది బతుకుతాది, మా ఇల్లు కచేరి పాలైతాది. ఏదో సాకు చెప్పి తప్పించుకుంటే ఆ కాయితం ఎవరిదో తేలక తకరారు నిలబడినట్టే అయితాది, మూడేండ్లు దాని పొయ్యి వెలగదు. ఆదినారాయణశెట్టి తొట్టికాడికి మళ్ళీ పోయి చేతులు పెట్టల్ల.

చెయ్యి చాపినాను. అంతలో వాకిలి కాడ నుంచి ఆయన వచ్చేసినాడు. చెయ్యి చెమట పట్టుండాది సార్, ముద్ర చెదిరిపోతాది, తుడుస్తానుండండి అన్నాడు. భుజం మీది టవాలు తీసి నా ఎడమచేతి మీద కప్పినాడు.

పెండ్లయిన కొత్తలో ఆయన నాకు ఆ వేళ్ళ లెక్క నేర్పిచ్చినాడు, వంకాయలు పెట్టుకొని, నవ్వుకుంటా. మళ్ళీ ఎప్పుడూ ఆ ఆట ఆడింది లేదు. ఇప్పుడు టవాలు కింద ఆయన వేళ్ళు నా వేళ్ళను వెతుక్కున్నాయి. ఒక వేలు పట్టుకున్నాడు. నేను కదల్లేదు. రెండు పట్టుకున్నాడు. మూడు. దేనికి బేరమో చెప్పలేదు, ధర మటుకు పెంచుకుంటా పోయినాడు. నాలుగు. ఆఖరికి ఐదు వేళ్ళూ కలిపి అరచెయ్యంతా పట్టుకొని ఆగినాడు.  నా పిడికిలి బిగుసుకుంటాదని చూస్తాండాడు.

నేను చెయ్యి ఎనక్కి లాక్కున్నాను.

టవాలు మేజా మీద పడింది. ఇంకులో అద్ది, మస్తాన్‌బీ మచ్చల కిందనే, నా బొటనవేలు కాయితం మీద పెట్టినాను. అదిమి పట్టుకున్నాను. టవాలు తీసుకుంటాండట్టు వంగి, ఆయన నా చెవి కాడ గుసగుసగా అన్నాడు.

"వేలు నేనే ఏపిచ్చుకున్నాను ఉలిగా, నిజమే. మాటలు నావి కాదు. నాకు మాత్రం అక్షరమొచ్చునా? రాసిచ్చినోడు ఈ గదిలోనే ఉండాడు."

తలెత్తి చూసినాను. ఆఫీసరు భూతద్దం కోసం సొరుగు వెతుకుతాండాడు. ఖైరున్‌బీ, మస్తాన్‌బీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నిలబడినారు. చెవి మీది పెన్సిలు కిందపడినా చూసుకోకుండా, గుమాస్తా ఆ కాయితం అంచు పట్టుకొని తన దిక్కు లాగుతాండాడు.

"చాల్లే అమ్మా, పడింది. వేలు తియ్."

నేను వేలు ఎత్తలేదు.